మూడు త్రీనాట్‌త్రీలు: నిలబెట్టాలా, విప్పేయాలా?

జనవరి 4

గరాజ్‌లో బల్ల ఖాళీ చేసి పాత దుప్పటి పరిచాను. దాని మీద మూడు రైఫిళ్లు పక్కపక్కన పెట్టాను. మూడూ లీ ఎన్‌ఫీల్డ్‌లే. మనవాళ్లు త్రీనాట్‌త్రీ అనే తుపాకులు. మూడూ పేల్చడానికి వీల్లేకుండా శాశ్వతంగా చేసి, ప్రూఫ్ హౌస్ (తుపాకులు పరీక్షించే సంస్థ) ముద్ర వేసి, సర్టిఫికెట్ ఇచ్చినవి. నేనుంటున్న ఇంగ్లండ్ ఊరు బర్మింగ్‌హామ్‌లో వీటిని ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం కింద విడిభాగాలకు కూడా లెక్క చెప్పాలి కాబట్టి, ఈ డైరీ చూసి ఊళ్లో ఎవరూ ప్రయత్నం చేయొద్దని ముందే రాసి పెడుతున్నాను.

మొదటిది 1917 నాటి బీఎస్ఏ, మార్క్ త్రీ స్టార్. 2012లో, ఈ ఊరు వచ్చిన కొత్తల్లో కొన్నాను. రెండోది 1942 నాటి ఇషాపూర్, మన బెంగాల్ ఫ్యాక్టరీలో తయారైంది. మూడోది 1943 నాటి నంబర్ ఫోర్, మాల్ట్‌బీ ఫ్యాక్టరీది. ఈ రెండూ పోయిన నెలలో ఒకే చోట, ఒకే ధరకు కలిపి దొరికాయి. కొన్నప్పుడే అనుకున్నాను, మూడింటినీ బాగుచేసే ఓపికా డబ్బూ లేవని. ఒకటో రెండో విప్పేసి, ఆ సామాను మిగతాదానికి వాడాలి. ఏది విప్పాలన్నదే తేలలేదు.

బీఎస్ఏ అనగానే మనకు సైకిలే గుర్తొస్తుంది. మద్రాసులో తయారైన బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ మీదే నేను స్కూలుకు వెళ్లాను. ఆ మూడక్షరాలు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అని, 1861లో ఇక్కడి తుపాకీ పనివాళ్లు కలిసి పెట్టిన కంపెనీ అని ఇక్కడికొచ్చేదాకా తెలీదు. ఆ కంపెనీ గుర్తే ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు రైఫిళ్లు. స్మాల్ హీత్‌లో వాళ్ల ఫ్యాక్టరీ ఉన్న చోటు మా ఇంటి నుంచి బస్సులో పావుగంట. 1940 నవంబరు 19 రాత్రి జర్మన్ బాంబు పడి అక్కడ 53 మంది పనివాళ్లు చనిపోయారు. నా 1917 రైఫిల్ తయారైంది ఆ ఫ్యాక్టరీలోనే.

అందుకే బీఎస్ఏని నిలబెట్టాలని మనసులో ముందే ఖాయమైంది. దాని ముందు చెక్క వెనక కొసన చీలి ఉంది. ఇషాపూర్ ముందు చెక్క దానికి సరిపోతుంది, రెండూ ఒకే నమూనా. ఇషాపూర్‌ది ముక్కు దగ్గర నంబరు రైఫిల్ నంబరుతో కలవడం లేదు, ఒళ్లంతా నల్ల పెయింటు, తుప్పు. విప్పేయాల్సింది అదే అనిపించింది. ఈ రోజుకి ఇదీ నిర్ణయం.

జనవరి 11

విప్పితే అసలు ఏం మిగులుతుందో కాగితం మీద రాసుకున్నాను. ఇది ముందే చేయాల్సిన పని.

మామూలు రైఫిల్‌ని భాగాలుగా అమ్మేవాడికి విలువంతా గొట్టంలో, బోల్టులో (తూటాను గొట్టంలోకి తోసి మూసే కడ్డీ), బాడీలో (ఆ రెండింటినీ పట్టుకునే మధ్య ఇనుము) ఉంటుంది. నిర్వీర్యం చేసిన దాంట్లో సరిగ్గా ఆ మూడే ముట్టుకోకూడనివి. 2018 జూన్ నుంచి అమలైన ప్రమాణాల ప్రకారం చేసినవాటిలో బోల్టు కదలదు, మ్యాగజైన్ కూడా వెల్డుతో అతుక్కుని ఉంటుంది. ఆ అతుకుల జోలికి పోతే సర్టిఫికెట్ పోతుంది, నేరం కూడా అవుతుంది. నా ఇషాపూర్, నంబర్ ఫోర్ రెండూ ఆ ప్రమాణాలవే. కాబట్టి వాటిలో విప్పడానికి మిగిలేది చెక్క, బట్‌ప్లేట్ (భుజానికి ఆనే వెనక చెక్క, అంటే బట్, చివరి రేకు), పట్టీలు, బెల్టు కొక్కేలు, ముక్కు తొడుగు. అంతే.

బీఎస్ఏ సంగతి ఇంకోలా ఉంది. దాని సర్టిఫికెట్ 1993ది. 1995 అక్టోబరుకు ముందు చేసిన వాటిలో బోల్టు కదులుతుంది, ట్రిగ్గర్ నొక్కితే చప్పుడు కూడా వస్తుంది. సేకరించేవాళ్లకు అవంటే ప్రాణం. కానీ 2017లో వచ్చిన సవరణ తర్వాత, కొత్త ప్రమాణాల ప్రకారం మళ్లీ చేయించకుండా దాన్ని అమ్మకూడదు, చివరికి కానుకగా కూడా ఇవ్వకూడదు. దగ్గర పెట్టుకోవచ్చు. అంటే అది నాతోనే ఉండాల్సిన రైఫిల్. మిగతా రెండింటినీ చేతులు మారిస్తే 2019 డిసెంబరు నుంచి అధికారులకు తెలియజేయాలి. విడి చెక్కకు, పట్టీలకు ఆ బాధ లేదు.

ఒక విషయం ఇక్కడే రాస్తాను, చాలామంది పొరబడతారు కాబట్టి. కాకినాడలో కాలేజీ ఎన్‌సీసీలో మేం ‘బాజూ శస్త్’, ‘సలామీ శస్త్’ చేసినవి డీపీ రైఫిళ్లు, అంటే డ్రిల్లు కోసం మాత్రమే అని ముద్ర వేసినవి. డీపీ అంటే నిర్వీర్యం చేసిందని కాదు. ఇక్కడి చట్టం దృష్టిలో సర్టిఫికెట్ లేని డీపీ రైఫిల్ కూడా తుపాకీయే. ఆ రెండక్షరాలు చూసి ధైర్యంగా కొనేస్తే జైలు దాకా పోవచ్చు.

జనవరి 18

బీఎస్ఏ విప్పాను. విప్పే ముందు పెదనాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. చివరి పదేళ్లూ బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనే, అంటే ఆయుధాలు దాచే గదిలోనే పని. త్రీనాట్‌త్రీ ఆయన చేతుల్లో విప్పుకున్నంత తేలిగ్గా ఎవరి చేతుల్లోనూ విప్పుకోవడం నేను చూడలేదు.

“పెదనాన్నా, బట్ బిగుతుగా లేదు, కొంచెం ఊగుతోంది. ముందు అది బిగించనా?”

“ఒరేయ్, ముట్టుకోకు! ముందు చెక్క తియ్యకుండా బట్ బోల్టు తిప్పావంటే ముందు చెక్క చీలిపోద్ది. బోల్టు కొస చూశావా, నలుచదరంగా ఉంటది. అది పోయి ముందు చెక్కలో ఉన్న ఇనుప రేకులో కూర్చుంటది. నువ్వు వెనక తిప్పితే ముందు చెక్క పగులుద్ది.”

బీఎస్ఏ ముందు చెక్కకు అయ్యింది సరిగ్గా అదే. ఎవరో, ఎప్పుడో, వదులైన బట్‌ని వెనక నుంచి పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో బిగించారు. రేకు తిరిగింది, చెక్క చీలింది. చీలిక నాలుగు అంగుళాల పొడవు. లోపలి అంచుల్లో మడ్డి నల్లగా పేరుకుని ఉంది కాబట్టి పాత దెబ్బే. ఒక పక్కన అరంగుళం వెడల్పున చెక్క పెళ్లే ఊడిపోయింది, దొరకలేదు.

విప్పిన వరస రాసుకుంటున్నాను, మళ్లీ పనికొస్తుంది. ముక్కు తొడుగు రెండు మరలు, మధ్య పట్టీ, లోపలి పట్టీ మర దాని స్ప్రింగుతో సహా, పై చెక్కలు, ట్రిగ్గర్ గార్డు మరలు, అప్పుడు ముందు చెక్క కిందికి దిగుతుంది. బట్ అన్నిటికంటే ఆఖర్న. మర గాడికి సరిగ్గా సరిపోయేలా స్క్రూడ్రైవర్ కొస ఆకురాయితో అరగదీసుకున్నాను. గాడిలో వదులుగా ఉన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే నూరేళ్ల మర తల ఒక్క నిమిషంలో పాడవుతుంది.

చెక్క కింద గొట్టం చూశాను. పైకి కనిపించే భాగమంతా శుభ్రంగా ఉంది. చెక్క గీత దిగువన మాత్రం తుప్పు పొలుసులు కట్టి ఉంది. కిరసనాయిలు, అతి సన్నటి ఉక్కు పీచు, ఇత్తడి రేకు ముక్క. గంటన్నర పట్టింది. గొట్టం, బాడీ, బోల్టు పిడి, ముక్కు తొడుగు అన్నిటి మీదా ఒకటే నంబరు. నూరేళ్లు దాటినా విడిపోలేదు.

జనవరి 19

ముక్కు తొడుగు, లోపలి పట్టీ, ట్రిగ్గర్ గార్డు నీళ్లలో ముప్పావు గంట మరిగించాను. ఎర్ర తుప్పు మరిగితే నల్లగా మారుతుంది, దాన్ని పీచుతో రుద్దితే కింద ముదురు నలుపు మిగులుతుంది. ఆమ్లాలతో పనిలేదు, ముద్రలు చెరగవు. ఆ గిన్నె ఇక వంటింట్లోకి రాకూడదని మా ఆవిడ ముందే చెప్పింది. దాని మీద గుర్తు రాసి గరాజ్‌లోనే పెట్టేశాను.

ఫిబ్రవరి 1

ఇషాపూర్ దగ్గర కూర్చున్నాను. ఇవాళ విప్పేద్దామనే కూర్చున్నాను.

నల్ల పెయింటు కింద గుబ్బలా చేతికి తగులుతున్నదేమిటో మొదట అర్థం కాలేదు. పట్టీలు అనుకున్నాను. చెక్క చాకుతో కొంచెం గీకితే తీగ బయటపడింది. ముందు చెక్కనీ పై చెక్కనీ గొట్టంతో కలిపి గట్టిగా చుట్టేసి, వరసలు కదలకుండా అడ్డంగా టంకం పెట్టారు. రెండు చోట్ల అలా ఉంది. గ్రెనేడ్ రైఫిల్ అన్నమాట.

ముక్కు మీద ఒక ఇనుప కప్పు బిగించి, అందులో మిల్స్ బాంబు (చేతి గ్రెనేడ్) పెట్టి, గుండు లేని తూటా పేలిస్తే బాంబు ఎగిరిపోతుంది. ఆ తన్ను మామూలు తన్ను కాదు. చెక్క చీలి సిపాయి మొహాన పడకుండా ఇలా తీగ చుట్టేవాళ్లు. అరిగిపోయి గురి తప్పిన రైఫిళ్లను ఈ పనికి పక్కన పెట్టేవాళ్లు.

పెదనాన్నకి ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేశారు.

“మా దగ్గరా ఉండేవిరా తీగ చుట్టినవి. మేమెప్పుడూ వాటితో బాంబులు వెయ్యలేదు. స్టాకు తనిఖీలో లెక్క పెట్టి, నూనె రాసి, మళ్లీ పెట్టెయ్యడమే. ఆ తీగ చుట్టేవాడు వేరే ఉంటాడు, అది మా పని కాదు. నువ్వు కోశావంటే మళ్లీ చుట్టలేవు.”

చిక్కు అంతా ఇక్కడే ఉంది. ముందు చెక్క తియ్యాలంటే తీగ కోయాలి. ముందు చెక్క తియ్యకుండా బట్ తియ్యకూడదు. తీగ కోయకుండా ఈ రైఫిల్‌లో తీయగలిగేవి ముక్కు తొడుగు, బట్‌ప్లేట్ మాత్రమే. చెక్క కింద తుప్పు ఎంతుందో కూడా చూసే దారి లేదు. తీగ కోస్తే బీఎస్ఏకి మంచి ముందు చెక్క వస్తుంది. చెక్క గట్టిగా ఉంది, చిన్న పగులు కూడా లేదు. మ్యాగజైన్‌కి ముందు అడ్డంగా మర కూడా ఉంది, మన ఇషాపూర్‌వాళ్లు చెక్క చీలకుండా వేసే బలం మర. ఇంత గట్టి చెక్క మళ్లీ దొరకడం కష్టం.

కట్టర్ చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ పెట్టేశాను. ఈ రాత్రి ఇంతే.

ఫిబ్రవరి 2

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆదివారం కావడంతో పొద్దున్నే గరాజ్‌లోకి వెళ్లి బట్‌ప్లేట్ తలుపు తెరిచాను. ఇత్తడి తలుపు, గోరంత. నూనె సీసా, పుల్‌త్రూ (గొట్టం తుడిచే తాడు) పెట్టుకునే గొయ్యి అది. నూనె సీసా లేదు. లోపల చిక్కులు పడిన ఒక తాడు, దాని కొసన ఇత్తడి బరువు, ఇంకో కొస వలయంలో చిందీ ముక్క ఇరుక్కుని ఉన్నాయి. చిందీ నల్లబడి గట్టిగా అట్టలా అయిపోయింది. ఎవరో ఆఖరిసారి గొట్టం తుడిచి, ఆ గుడ్డ తీసి పారేయకుండానే లోపల పెట్టి తలుపు మూశాడు.

ఎన్‌సీసీ క్యాంపులో పుల్‌త్రూ ఆఖర్న చిందీ వదిలేస్తే సుబేదార్ సాబ్ గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించేవారు. ఈ సిపాయి తప్పించుకున్నాడు.

ఫిబ్రవరి 8

నంబర్ల సంగతి తేల్చాను. ముక్కు తొడుగు మీద నంబరు బాడీ నంబరుతో కలవడం లేదని మొదటి రోజు రాశాను కదా. ఆ తొడుగు తీసి, వేడి నీళ్లలో నానబెట్టి, పెయింటు మెత్తబడ్డాక పళ్లు తోముకునే బ్రష్‌తో రుద్దాను. నేను చూసిన నంబరు మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. దాని కిందే బాడీ నంబరు మళ్లీ కొత్తగా కొట్టి ఉంది. పెయింటు నిండిపోయి ఆ రెండో వరస కనిపించలేదు. తొడుగు తీశాక ముందు చెక్క కొసన కింది వైపు చూస్తే అక్కడా బాడీ నంబరే.

అంటే ఈ రైఫిల్‌ని ఎవరో వ్యాపారి నాలుగు చోట్ల నుంచి ఏరి కూర్చలేదు. ఏదో బెటాలియన్‌లో ముక్కు తొడుగు పాడైతే అక్కడి ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) ఇంకోటి తెచ్చి, పాత నంబరు కొట్టేసి, కొత్త నంబరు వేసి, ఆ మార్పుకు తన సుత్తితో సంతకం పెట్టాడు. నేను లోపం అనుకున్నది రికార్డు.

బాడీ కుడి పక్కన కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. (జార్జ్ చక్రవర్తి గుర్తు), ఇషాపూర్, 1942. ఆ సంవత్సరం ఆ ఫ్యాక్టరీలో చేసినవి బర్మాకో, ఉత్తరాఫ్రికాకో, ఇటలీకో పోయి ఉంటాయి. ఇది ఎక్కడికి పోయిందో నాకు ఆధారం లేదు, ఊహించి రాయను. కానీ తీగ, టంకం, గీత కొట్టిన నంబరు, చిందీ ఇవన్నీ కలిసి ఉన్నంతవరకు ఎవరైనా తెలిసినవాళ్లు చూసి చదవగలరు. విప్పితే నాలుగు ముక్కల సామాను.

నిర్ణయం మార్చుకున్నాను. ఇషాపూర్‌ని విప్పను. బాగుచేయను కూడా. పెయింటు తీయను, తీగ మెరిపించను. ఎర్ర తుప్పు కనిపించిన చోట మాత్రం నూనె గుడ్డతో ఆపి, పలచగా మైనం రాస్తాను. చెక్కకు పొడి గుడ్డ చాలు.

ఫిబ్రవరి 15

ఇక నంబర్ ఫోర్. దీని మీద నాకు జాలి వేసింది కానీ సంశయం రాలేదు.

యుద్ధం అయ్యాక మిగిలిన రైఫిళ్లు చవగ్గా అమ్మేసినప్పుడు, వేటకు పనికొచ్చేలా ముందు చెక్కని సగానికి కోసి, పై చెక్కలు పారేసి, తేలిక చేసుకునేవాళ్లు. దీనికీ అదే గతి పట్టింది. ముందు చెక్క మధ్య పట్టీ దగ్గర రంపంతో కోసి, కొసని గుండ్రంగా నునుపు చేశారు. ఇసుక కాగితంతో ఎంత రుద్దారంటే బట్ మీద ముద్రలన్నీ పోయాయి. ముక్కు కూడా పొట్టి చేశారు. బాడీ నంబరుకీ మరిదేనికీ సంబంధం లేదు. గొట్టం మీద రెండు బాణం గుర్తులు మొనలు కలిపి ఉన్నాయి, సైన్యం నుంచి అమ్మేసినట్టు గుర్తు.

నిలబెట్టాలంటే ముందు చెక్క, రెండు పై చెక్కలు, పట్టీలు, అన్నీ కొనాలి. కొన్నా గొట్టం కొస కోసేసి ఉంది కాబట్టి బాయ్‌నెట్ ఎక్కే చోటే లేదు. అంత పెట్టి చేసినా అది 1943 రైఫిల్‌లా కనిపించే ఈ ఏటి బొమ్మ అవుతుంది. దాని చరిత్ర యాభయ్యేళ్ల కిందటే రంపం కింద పోయింది.

విప్పేశాను. బట్, బట్‌ప్లేట్, బెల్టు కొక్కేలు, వెనక పట్టీ కవెంట్రీలో ఒకాయనకి ఇస్తున్నాను, ఆయన నంబర్ ఫోర్‌కి అవి లేవు. వెల్డు ఉన్న ఇనుమంతా ఒక్క ముక్కగా, సర్టిఫికెట్‌తో సహా నా దగ్గరే ఉంటుంది. కోసిన ముందు చెక్క మాత్రం నాకు కావాలి. యుద్ధకాలంలో బీచ్ చెక్క ఎక్కువగా వాడారు. ఇది మాత్రం వాల్‌నట్. బీఎస్ఏ చెక్క కూడా వాల్‌నట్టే. ఊడిపోయిన పెళ్లకి అతుకు దొరికింది.

ఫిబ్రవరి 22

నూనె తాగిన చెక్కకు జిగురు అంటదు. వారం రోజులుగా బీఎస్ఏ చీలిక నిండా సుద్దపొడి ముద్ద పెట్టి, హీటర్ పక్కన ఎండబెట్టి, గోధుమరంగుకి తిరిగిన సుద్దని తీసి, మళ్లీ కొత్తది పెడుతున్నాను. మొదటి రోజు సుద్ద బెల్లం రంగులో వచ్చింది. ఐదో రోజుకి తెల్లగానే మిగిలింది. ఆ తర్వాత అసిటోన్‌తో తుడిచాను.

నంబర్ ఫోర్ చెక్క నుంచి అరంగుళం వెడల్పు ముక్క కోశాను. చెక్క రేఖలు రెండూ ఒకే వాలులో ఉండేలా మూడుసార్లు మార్చి మార్చి పెట్టి చూశాను. మొదట కోసిన ముక్క సరిపోలేదు, రేఖలు అడ్డం తిరిగాయి. రెండోది సరిపోయింది. ఊడిన చోటు నేనేమీ చెక్కలేదు. అతుకునే ఆ గుంట ఆకారానికి దించాను. అసలు చెక్క ఒక్క పొట్టు కూడా పోకూడదని.

నిదానంగా బిగుసుకునే ఎపాక్సీ వాడాను. సూది లేని సిరంజితో చీలిక లోపలికి పంపి, రెండు సన్నటి చెక్క సీలలు అడ్డంగా దింపి, క్లాంపులు పెట్టబోతే ఆ వంపు మీద జారిపోతున్నాయి. చివరికి పాత సైకిల్ ట్యూబు నిలువునా పట్టీలుగా కోసి, లాగి లాగి చుట్టాను. చిన్నప్పుడు సైకిల్ క్యారేజీకి పుస్తకాలు కట్టింది ఈ ట్యూబుతోనే. చీలిక అంచుల్లోంచి జిగురు సన్నగా గీతలా ఉబికి వచ్చింది. అంతా మూసుకుందని అర్థం. వెంటనే తుడిచేశాను.

ఫిబ్రవరి 24

ట్యూబు విప్పాను. పట్టుకుంది. గోటితో గీసినా అతుకు తగలడం లేదు, కానీ కంటికి కనిపిస్తుంది. రంగు కలపను. మరమ్మతు మరమ్మతులాగే కనిపించాలి.

నొక్కుల మీద తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో ఆవిరి పట్టాను. రెండు లేచాయి, బట్ కింది దెబ్బ లేవలేదు, దాన్ని వదిలేశాను. ఇసుక కాగితం ఎక్కడా వాడలేదు. పచ్చి అవిసె నూనెలో సగం టర్పెంటైన్ కలిపి మొదటి చేయి. అరచేత్తోనే రుద్దాలి, గుడ్డతో కాదు. అరచెయ్యి వేడెక్కేదాకా రుద్దితే చెక్క తాగుతుంది. నూనె గుడ్డలు బయట విప్పి ఆరేస్తున్నాను. ఉండచుట్టి మూల పడేస్తే అవిసె నూనె గుడ్డ తనంతట తనే అంటుకుంటుంది.

మార్చి 22

నెలలో ఆరు చేతుల నూనె అయ్యింది. ఇవాళ బీఎస్ఏ కూర్చాను.

బట్ ముందు. బోల్టు పూర్తిగా బిగించాక, దాని నలుచదరపు కొస సరిగ్గా నిలువుగా నిలవాలి. నాది కాస్త పక్కకి ఆగింది. ఇంకొంచెం తిప్పితే దాటిపోతోంది. పలచటి వాషర్ తీసి, ఇంకో మందం వాషర్ వేస్తే నిలువుగా నిలిచింది. అప్పుడు ముందు చెక్క వెనక నుంచి ఆనించి, కింది నుంచి పైకి నొక్కాను. ఇనుప రేకు ఆ చదరం మీదికి జారింది. టక్కుమని చిన్న చప్పుడు.

పెదనాన్న ఫోన్‌లోనే ఉన్నారు. “ఆఁ, కూర్చుంది. ఇప్పుడు బట్ ఊపి చూడు.”

ఊగలేదు.

పట్టీలు, మరలు, ముక్కు తొడుగు వరసగా ఎక్కించాను. వెనక్కి నిలబడి చూస్తే అతుకు లేత రంగులో తెలుస్తూనే ఉంది. రెండున్నర నెలల కిందట ఆ చోట ఇషాపూర్ చెక్క పెట్టాలనుకున్నాను.

తర్వాత ఇషాపూర్ తీసి పొడి గుడ్డతో తుడిచాను. తీగ వరసల మధ్య కొత్త తుప్పు లేదు. పుల్‌త్రూ తాడు చిక్కు తీయకుండా, చిందీ కూడా అలాగే ఉంచి, బట్‌లో గొయ్యిలోకి తోసి ఇత్తడి తలుపు మూశాను.